క్లిప్ కింద గీతలు

గురువారం ఉదయం 9:50. నదిలో రెండో ఉరవడి దగ్గర రబ్బరు రాఫ్ట్ బండకు కొట్టుకుని తిరగబడింది. ఎక్కిన నలుగురు టూరిస్టులూ ఒడ్డుకు చేరారు. తెడ్లు వేస్తున్న పెద్దాయన చేరలేదు. పావుగంటకు శవం దొరికింది.

పద్దెనిమిదేళ్ళుగా ఆ నదిని అరచేతిలో పెట్టుకున్న మనిషి. ఇన్‌స్పెక్టర్ పది నిమిషాల్లో రిపోర్ట్ తేల్చేశాడు: 'తెడ్డు వేసినవాడి పొరపాటు.' ఆ మాట ఊరంతా పాకింది. రాసినవాడికే అది మింగుడుపడలేదు. శనివారం ఎవరూ పిలవకుండానే మళ్ళీ పడవల షెడ్డుకు వచ్చాడు.

షెడ్డులో ఇద్దరున్నారు. చనిపోయినాయన భార్య, పడవలు రిపేరు చేసే ఆయన తమ్ముడు.

"బుధవారం సాయంత్రం ఏం చేశావు?" తమ్ముణ్ణి అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"ఎడమ తెడ్డు క్లిప్ ఊడదీశాను సార్. స్క్రూ అరిగిపోతే మార్చడానికి."

"మళ్ళీ బిగించావా?"

"బిగించాననే అనుకున్నా. అన్న పోయాక అనుమానం పట్టుకుంది. మీరే కదా సార్, క్లిప్ ఉంది, నీ తప్పేం లేదన్నారు. ఆ మాట పట్టుకునే బతుకుతున్నా."

ఇన్‌స్పెక్టర్ ఎడమ తెడ్డు అందుకున్నాడు. కాడకు నల్లటి ప్లాస్టిక్ క్లిప్. రాఫ్ట్ అంచున తెడ్డును పట్టి ఉంచే కొక్కెంలో అది గిర్రున తిరక్కుండా, రెక్క నిటారుగా నీళ్ళను పట్టేలా చూసేది అదే. అది లేకపోతే ఎంత లాగినా రెక్క వాలిపోయి నీళ్ళ మీద జారిపోతుంది.

"బండ రాసుకుని కాడ నిండా కొత్త గీతలు పడ్డాయి. క్లిప్ మీద ఒక్కటీ లేదు. చూశావా?"

స్క్రూలు విప్పాడు. గీతలు క్లిప్ కింద కూడా ఆగకుండా సాగాయి.

"బండకు తగిలినప్పుడు ఇది లేదు. తర్వాత ఎవరో బిగించారు. రాఫ్ట్‌ను ఒడ్డుకు లాగింది 10:15కి. నువ్వు 10:20కి అన్నతో అంబులెన్స్ ఎక్కావు. నేను వచ్చింది 11:05కి. మధ్యలో రాఫ్ట్ దగ్గర ఉన్నది ఒక్కరే."

వదిన పక్కనున్న బల్ల మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు క్లిప్ ఈ బల్ల మీదే ఉంది," అంది. "చూడగానే అర్థమై, తీసుకెళ్ళి తెడ్డుకు బిగించాను. ఆయన ఎలాగూ లేడు. తెలిస్తే వీడూ మిగలడు. నా చేతులతో పెంచాను సార్ వీణ్ణి."

"మీ ఆయన మీద నింద పడుతుందని తోచలేదామ్మా?"

"మీరు రాసేదాకా తోచలేదు. అప్పట్నుంచి ముద్ద దిగట్లేదు."

తమ్ముడు నేల మీద కూలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ రోజే ఇంకో పది నిమిషాలు నిలబడి చూసి ఉంటే ఈ కుర్రాడికి లేనిపోని ఊరట ఇచ్చేవాడు కాదు, పోయినాయనకు మచ్చ తెచ్చేవాడూ కాదు. కాగితం తీశాడు.

"రాయండి సార్," అన్నాడు తమ్ముడు. "అన్న చెయ్యి తప్పలేదని ముందు రాయండి. తర్వాత నా పేరు రాయండి."

ఇన్‌స్పెక్టర్ మొదటి వాక్యం రాశాడు: 'గురువారం నేను రాసింది తప్పు.'

వదిన వచ్చి మరిది పక్కన నేల మీద కూర్చుంది. ఈసారి ఆమె అడ్డుపడలేదు.