ఎండిన గదిలో గాలి

ఆ ఫిట్టర్ని అందరూ నత్త అంటారు. ఆయన ఒక బోల్టు బిగించేలోపు పక్కవాడికి పెళ్లై పిల్లలు పుడతారని ప్రతీతి. ఆయన బావమరిది వెల్డరు. నిచ్చెన ఉందో లేదో చూడకుండానే దిగిపోయే రకం. "వాణ్ణి క్షేమంగా తీసుకురా, నాకున్నది ఒక్కడే తమ్ముడు" అని ఫిట్టరు భార్య రోజూ గుమ్మంలో చెప్పేది. మొగుడి క్షేమం మాట ఆవిడ ఎప్పుడూ ఎత్తలేదు.

వాళ్లు పనిచేసేది సముద్రపు ఒడ్డున, ఒక పెద్ద కాంక్రీటు గది దగ్గర. అడుగు నుంచి అల లోపలికొస్తే నీళ్లు లేచి గాలిని పైగొట్టంలోకి నెడతాయి. అల వెనక్కి పోతే గాలిని లాక్కుంటాయి. వచ్చినా పోయినా ఆ గాలికి గొట్టంలోని చక్రం ఒకే వైపు తిరుగుతుంది. కరెంటు పుడుతుంది.

ఆ మధ్యాహ్నం సముద్రం వైపు తలుపు దించి నీళ్లన్నీ తోడేశారు. లోపల విరిగిన మెట్టు చూడటానికి వెల్డరు తాడు కట్టుకుని దిగాడు. తాడుకి సందు వదిలి ఫిట్టరు గది పైకప్పు మూత మూశాడు. ఇలాంటప్పుడు చక్రాన్ని కదలకుండా బిగించాలని రూలు. వీళ్లు బిగించరు. మూత వేసుంటే, తలుపు కారి నీళ్లు లేచినప్పుడు గాలి గొట్టంలోకే పోయి చక్రం కదులుతుంది, అదే కబురని వీళ్ల తెలివి.

చక్రం కదిలింది.

"ఒరేయ్, పైకి రా! నీళ్లొస్తున్నాయి!"

"ఎక్కడ బావా? ఇక్కడ చెమ్మ కూడా లేదు. కునుకు తీస్తున్నావా ఏంటి?"

చక్రం ఆగింది. మళ్లీ కదిలింది... ఆగింది. కుళ్లిన నాచు వాసన సందులోంచి వెచ్చగా ముఖానికి కొట్టింది.

"బావా..." ఈసారి గుసగుస. "నా మెడ మీద ఊదుతున్నది నువ్వేనా?"

నత్త తాడు ఎంత వేగంగా లాగాడో చెబితే ఎవరూ నమ్మరు. అరచేతుల తోలు ఊడింది. వెల్డర్ని గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి ఆడుతోంది.

"ఏమైందిరా?"

నిద్రలో కూడా నోరు మూయనివాడు చక్రాన్నే చూస్తున్నాడు.

ఫిట్టరు మూత బిగించి, గొట్టంలో చెయ్యి పెట్టి చక్రాన్ని పట్టి ఆపాడు. వెల్డరు ఛాతీ ఆగింది. చెయ్యి వదిలాడు. చక్రం తిరిగింది... ఛాతీ లేచింది.

మళ్లీ ఆపి చూసే ధైర్యం లేకపోయింది.

కాసేపటికి చక్రం దానంతటదే నెమ్మదించింది. వెల్డరు పెదవులు నీలమయ్యాయి. ఫిట్టరు రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టాడు.

"పీల్చు... పీల్చరా నాయనా..."

కేకలేశాడు. ఎవరూ రాలేదు. తిప్పాడు. తిప్పాడు... భుజాలు పడిపోయాయి. ఒక్క క్షణం ఆగాడు. చక్రమూ ఆగింది.

బావమరిది ఛాతీ లేస్తూనే ఉంది, హాయిగా.

ఊపిరి అందనిది ఫిట్టరుకి.