ఉద్ది లేని చోటు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన ఆ ఆగస్టులో మేం కోలాటం ఆడాం. నవ్వకండి. యజమానులు పారిపోతే, పనిచేసే ఇళ్ల నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనవాళ్లంతా అబూ హలీఫాలో ఒక బిల్డింగ్ నేలమాళిగలో తలదాచుకున్నాం. ఊరికే కూర్చుంటే ఏడుపే. అందుకని రాయచోటి బాలసుబ్బయ్యన్న నేల తుడిచే కర్రలు నరికి కోలలు చేశాడు. రసూల్ ఖాళీ నూనె డబ్బా మీద తువ్వాలు కప్పి, సైనికులకు వినబడకుండా మెల్లగా దరువేసేవాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ముందు కోల, తర్వాతే కుబ్బూస్ రొట్టె.

మా చెల్లెలు శివపార్వతి మాత్రం రాలేదు. మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. తెల్లారితే మాకు జోర్డాన్ బస్సు. చెల్లెల్ని వదిలేసి పోతే అమ్మకు ఏం మొహం చూపించాలి?

ఆ సాయంత్రం కొత్తవాళ్లను బయటి వరసలో నిలబెట్టారు. వాళ్లు కదలరు. లోపలి వరసలో మేం జరుగుతూ, ఎదురుపడిన ప్రతి ఉద్దితోనూ, అంటే జోడీతోనూ, కోల కలపాలి. బయటి వరసలో ఒక చోటు ఖాళీగా ఉంచమన్నాను.

"పార్వతి వస్తాదన్నా. దాని చోటు దానికి ఉండనీ."

"ఉండనీలే పాపా," అన్నాడు బాలసుబ్బయ్యన్న. "ఉద్ది లేని చోట గాలికి కొట్టి జరుగు. ఆడ మాత్రం నిలబడొద్దు."

ఎందుకని నేను అడగలేదు.

కరెంటు లేదు. ఒకటే కొవ్వొత్తి. చెమట వాసన, బయటెక్కడో కాలుతున్న టైర్ల వాసన. ఆట మధ్యలో కొవ్వొత్తి ఆరిపోయింది. ఆపితే భయమేస్తుందని చీకట్లోనే ఆడాం. ఖాళీ చోటు దగ్గరికి వచ్చాను. గాలికి కొట్టాను.

టక్.

కోల తగిలింది... ఎడమచేతి కోల.

మా చెల్లెలిది పుర్రచేతి వాటం, అన్నం తినేదీ ఎడమచేత్తోనే. అందరూ కుడి కోల ఇస్తే అది ఎడమ కోల ఇచ్చి తిట్లు తినేది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"పార్వతీ... వచ్చినావా?"

టక్... టక్...

ఊపిరి చప్పుడు లేదు. చెమట వాసన లేదు. అయినా నేను జరగలేదు.

"యాడికీ పోవద్దు మే. పొద్దున ఇద్దరం కలిసే పోదాం," అన్నాను.

దరువు ఆగింది.

"ఎవరితో మాట్లాడతాండావక్కా?" రసూల్ అగ్గిపుల్ల గీశాడు.

ఎదురుగా ఎవరూ లేరు.

రాత్రంతా నిద్ర లేదు. పార్వతి ఇక లేదనే అనుకున్నాను. తెల్లారి నేలమాళిగకు తాళం వేసి బస్సెక్కుతుంటే అది పరుగెత్తుకుంటూ వచ్చింది. ఎప్పుడూ వేసుకునే గౌను, అదే మొహం. పట్టుకుని ఏడ్చాను. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"నిన్న సాయంత్రం వచ్చినావా మే?"

"లేదక్కా. ఇప్పుడే గదా వచ్చింది."

పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె ఇచ్చాను. కుడిచేత్తో తీసుకుంది.

"చేతికేమన్నా తగిలిందా?" అన్నాను మెల్లగా.

"నేనెప్పుడూ ఈ చేత్తోనే గదా తినేది?"

బస్సు కదిలింది. అప్పుడు నేలమాళిగ కిటికీ ఊచల మీద, లోపలి నుంచి...

టక్... టక్...

అందరం బస్సులోనే ఉన్నాం. తాళంచెవి బాలసుబ్బయ్యన్న దగ్గరే ఉంది. నా పార్వతి లోపలే ఉండిపోయిందని, దిగిపోదామని లేచాను. నా పక్కనున్నది కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"ఇద్దరం కలిసే పోదామంటివి గదక్కా," అంది.