దొరసాని నోరు మూసిన రోజు

వరద సైరన్ మోగింది. వీధి వీధంతా బయటికొచ్చి పడింది. టీవీని దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చినవాడొకడు, పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తుకొచ్చినావిడ ఒకావిడ. తీరా చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. ఏరు ఎక్కడో అడుగున, ఏమీ ఎరగనట్టు పారుతోంది.

సైరన్ చూసుకునే మెకానిక్ నీళ్ళ ట్యాంకు మీద ఉన్నాడు. సైరన్ మోటారు ముక్కలు ముక్కలుగా అతని ఒళ్ళోనే ఉంది. మరి మోగిందేమిటి?

గబగబా మెట్లు దిగాడు. మోత వెంబడే పోయి పోయి, ఒక టైలర్ షాపు ముందు ఆగాడు. లోపల ఒకమ్మాయి మిషను తొక్కుతోంది. కిటికీలో బూడిదరంగు చిలుక ఒకటి మెడ సాచి, కళ్ళు మూసుకుని, కచేరీ చేస్తున్నంత తన్మయంగా సైరన్ కూస్తోంది.

"ఏమండీ! ఆపండి దాన్ని!"

"స్విచ్చెక్కడుందో చూపించండి, ఆపుతా," అంది అమ్మాయి తలెత్తకుండానే.

"జోకులా? ఇది ఇలా కూస్తూ ఉంటే, రేపు నిజంగా ఏరు పొంగితే నా సైరన్ ఎవరు నమ్ముతారు?"

అప్పుడు తలెత్తింది. "అసలు నేర్పిందెవరండీ? వారం వారం టెస్టింగని మా చెవులు చిల్లులు పడేలా మోగించేదెవరు? " అని చిలుక వైపు తిరిగింది. "దొరసానీ, గురువుగారొచ్చారే, దణ్ణం పెట్టు!"

మెకానిక్ ఆ కళ్ళు చూశాడు. చూసి, తనే చిలుకకి దణ్ణం పెట్టేశాడు.

ఆ సాయంత్రమే వీధి పెద్దలు కూర్చుని తేల్చేశారు. వానలు మొదలయ్యేలోగా చిలుక వీధి దాటాలి.

"ఒకసారి మా పిన్ని ఇంట్లో వదిలి ఊరెళ్ళాం," అంది అమ్మాయి. గొంతులో వేళాకోళం లేదు. "బెంగతో ఒంటి మీద ఈకలన్నీ పీకేసుకుంది. ఇంకోసారైతే బతకదు."

"నాకు కాస్త టైమివ్వండి. ఆ కూత నేను మాన్పిస్తా," అని ఎవరో అన్నారు. అన్నది తనేనని మెకానిక్‌కి కాసేపటికి గానీ తెలియలేదు.

ఆ మర్నాటి నుంచి రోజూ సాయంత్రం టైలర్ షాపుకి హాజరు. చిలుక ముందు కూర్చుని ఈల వేస్తాడు, పాట పాడతాడు, బతిమాలతాడు. మూల కుర్చీలో అమ్మాయి నాన్న, ఒకప్పటి బస్సు డ్రైవరు, పేపరు అడ్డం పెట్టుకుని ఈ పాఠాలన్నీ వింటూ ఉంటాడు.

"ఏమైనా మారిందాండీ?" అని అడిగాడు మెకానిక్ ఒకరోజు.

"ఆ, మారింది. నిన్నటి నుంచి అచ్చం మీ గొంతుతో 'ఏమండీ, ఉన్నారా?' అంటోంది. పొద్దుట్నుంచి తలుపు తియ్యలేక చచ్చాను."

"చిలుకని తెలిశాక కూడా తీశారా?"

అమ్మాయి సూదిలో దారం ఎక్కించే పనిలో పడింది. అది ఎంతకీ ఎక్కలేదు. పేపరు వెనకాల నాన్న దగ్గాడు.

మెకానిక్‌కి తిండి సయించడం లేదు, ఒకచోట కాలు నిలవడం లేదు. వాన వస్తుందేమోనని ఒక గుబులు. వస్తే చిలుక పోతుందని ఇంకో గుబులు. చిలుకే పోతే ఆ గుమ్మం ఎక్కే దారి తనకీ మూసుకుపోతుందని, అన్నిటికన్నా పెద్ద గుబులు.

వాన అతని కోసం ఆగలేదు. ఒకరోజు పొద్దున పట్టుకుంది, మధ్యాహ్నానికి కుండపోత. ఎగువ నుంచి ఫోనొచ్చింది. "నీళ్ళొచ్చేస్తున్నాయ్, వీధి ఖాళీ చేయించు!"

మెకానిక్ ట్యాంకెక్కి సైరన్ హ్యాండిల్ నొక్కి పట్టాడు. చెయ్యి తీస్తే మోత ఆగిపోతుంది. అందుకే కదలకుండా పైనుంచి వీధిలోకి చూస్తున్నాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఒక కిటికీ తెరుచుకుంది. "దొరసాని మొదలెట్టిందిరోయ్!" అని ఎవరో నవ్వి, మళ్ళీ మూసేశారు.

"నేనే! నిజం సైరనే!" అని అరిచాడు. ఆ మోతలో, ఆ వానలో అతని అరుపు అతనికే వినపడలేదు.

అప్పుడు టైలర్ షాపు తలుపు తెరుచుకుంది. చిలుక పక్కనే కిక్కురుమనకుండా కూర్చుని ఉండగా సైరన్ మోగుతోందంటే సంగతేమిటో అమ్మాయికి ఒకరు చెప్పాలా? చిలుకను గుండెకు హత్తుకుని, దాని ముక్కును రెండు వేళ్ళతో బిగించి పట్టుకుని, తలుపు తలుపూ బాదుతూ వస్తోంది.

"చూడండి బాబాయ్! దీని నోరు నా చేతిలో ఉంది! మరి మోగేదేంటి? పిన్నీ, ముందు పిల్లల్ని తీసుకో!"

చూశారు. చిలుక నోరు మూసే ఉంది. సైరన్ మోగుతూనే ఉంది. ఆపైన ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఉన్నవాళ్ళు ఉన్నట్టే మిట్ట మీది స్కూలుకి పరుగు తీశారు. ఆఖరి మనిషి మలుపు తిరిగేదాకా మెకానిక్ హ్యాండిల్ వదల్లేదు. వదిలి దిగేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

స్కూల్లో అమ్మాయి ఒక బెంచీ మీద కూర్చుని ఉంది. వేలి నుంచి రక్తం కారుతోంది.

"కరిచిందా?"

"మరి నోరు నొక్కితే ముద్దు పెట్టుకుంటుందా?"

మెకానిక్ రుమాలు చింపి ఆ వేలికి కట్టు కట్టాడు. కట్టు ఎప్పుడో అయిపోయింది, చెయ్యి మాత్రం వదల్లేదు.

వీధి పెద్దాయన వచ్చి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, చిలుక ఎక్కడికీ పోనక్కర్లేదు. ఇక మీదట సైరన్ మోగితే దాన్ని అరుగు మీదకి తీసుకొచ్చి చూపించు, చాలు."

అందరి మొహాలూ విప్పారాయి, మెకానిక్ మొహం తప్ప.

"ఏం బాబూ," అన్నాడు నాన్న, "చిలుక గొడవ తీరిపోయిందిగా. రేపట్నుంచి ఏ వంకతో వస్తావ్ మా ఇంటికి?"

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. "వంక లేకుండానే వస్తానండీ. మీ అమ్మాయంటే నాకిష్టం. మీరు సరేనంటే..."

"నన్నడుగుతావేంటయ్యా? పక్కనే ఉందిగా, దాన్నడుగు."

అమ్మాయి కిటికీలోంచి వాన చూస్తూ అంది. "నీళ్ళు తగ్గగానే రండి. ఇంటినిండా బురదే ఉంటుంది. ఎత్తిపోయాలి."

"ఎన్నాళ్ళు పట్టొచ్చండీ?"

"అది తిరిగి వెళ్ళాలనుకునేవాళ్ళు అడిగే ప్రశ్న," అంది.