చదవకుండా కొట్టిన ఊఁ

మే నెల మిట్టమధ్యాహ్నం మా రెంటచింతలలో కుక్క కూడా రోడ్డు దాటదు. పన్నెండున్నర కాగానే నా షాపు షట్టరు సగానికి దించేస్తాను. జిరాక్సులు, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు నా పని. ఆ మసక చీకట్లో కూలరు తడి వాసన, టోనరు వాసన, నేను. ఇంతకుముందు నాని కూడా ఉండేవాడు.

నాని నా తమ్ముడు. షాపులో కంప్యూటరు పెట్టిందే వాడు. కొత్తలో తెర మీద ఏది అడిగినా నేను అవును నొక్కేదాన్ని. చదివే ఓపిక ఎవరికుంది? రెండుసార్లు వైరస్ పట్టింది. "అక్కా, నువ్వు అడ్డమైనదానికీ ఊఁ కొడతావు" అని పెత్తనమంతా వాడి పేరున పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఏ అప్‌డేట్ చెయ్యబోయినా తెర మొత్తం నల్లబడి, మధ్యలో చిన్న బాక్స్ వచ్చేది. ఈ మార్పుకి అనుమతిస్తారా అని తెలుగులోనే అడిగేది. కింద అవును, కాదు. నాని వచ్చి పాస్‌వర్డ్ కొడితేనే అవును పనిచేసేది. వాడేమో చెప్పులతో లోపలికొచ్చేవాడు, బయట విడిచి రారా అని నేను రోజూ అరిచేదాన్ని.

పోయిన ఏడాది మే పదిహేడు, ఒంటిగంటా పది. నేను ఎవరిదో అప్లికేషను టైప్ చేస్తున్నా. వాడు వెనక నిలబడి ఏదో అడిగాడు. తల తిప్పకుండా "ఊఁ" అన్నా. వాడు అడిగింది, "అక్కా, నీ బండి తీసుకెళ్లనా?" అని. ఆ బండికి బ్రేకులు పోయినై. బాగు చేయించాలని వారం నుంచి అనుకుంటున్నా. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలియదు. వాడి మాట నా బుర్రకెక్కింది మాచర్ల రోడ్డు నుంచి ఫోనొచ్చాకే. మొహం నేనే చూశా, అమ్మని చూడనివ్వలా. పోలీసులు ఒక చెప్పు ఇచ్చారు, రెండోది దొరకలేదన్నారు. నేను ఊఁ అన్న సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలా.

ఈ మేలో వాడి ఏడాది పూజ, పోయినవాళ్ల కోసం మా ఫాదరుగారు చేసే ప్రార్థన. చర్చిలో పంచే కార్డు నేనే వేస్తానని అమ్మకి మాటిచ్చా. మూడు రోజులుందనగా కూర్చుంటే టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. అప్‌డేట్ చెయ్యమంటది. చెయ్యబోతే నాని పాస్‌వర్డ్ కావాలంటది. వాడి కార్డుకి వాడే అనుమతివ్వాలంట. ఏం ఖర్మ చెప్పండి.

మాచర్ల నుంచి సల్మాన్‌ని పిలిచా. కంప్యూటర్లు బాగుచేస్తాడు, నానికి దోస్తు. పెన్‌డ్రైవ్ పెట్టి ఏవో తంటాలు పడి నాని పాస్‌వర్డ్ మార్చేశాడు.

"ఇంక చూడక్కా" అని అప్‌డేట్ నొక్కాడు.

తెర నల్లబడింది. బాక్స్ వచ్చింది, అందులో నాని పేరు. సల్మాన్ కొత్త పాస్‌వర్డ్ కొట్టి, అవును మీదికి బాణం తీసుకెళ్లేలోపు కాదు నొక్కుకుపోయింది. చెయ్యి జారిందనుకున్నాం. మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. మూడోసారి పాస్‌వర్డ్ కొట్టి, కీబోర్డు, మౌసు రెండూ పక్కకి నెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. బాణం కదల్లా. కాదు... మెల్లగా లోపలికి నొక్కుకుంది.

"వైరసా?" అన్నా.

"కాదక్కా." సల్మాన్ గొంతు బాగా తగ్గిపోయింది. "ఈ నల్ల తెర మీద ఏ ప్రోగ్రాముకీ చెయ్యి పెట్టే వీల్లేదు. అందుకే అన్నీ ఆపేసి అడుగుతది. మనిషే నొక్కాలి."

ఇద్దరం మా చేతులు చూసుకున్నాం. సాయంత్రం వస్తాలే అని బ్యాగు సర్దుకుని, నేనిచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా, షట్టరు కింద వంగి వెళ్లిపోయాడు.

నాకు భయం వెయ్యలా, ఏడుపొచ్చింది. నా చేత్తో వేసిన కార్డు వాడికి వద్దు కాబోలు అనుకున్నా. వాడికి కోపం ఉంటే అది న్యాయమే.

ఒంటిగంటా పది అయింది. నేనేదీ నొక్కలా... తెర నల్లబడింది. కూలరు తిరుగుతూనే ఉంది, చప్పుడు లేదు. ఎక్కడినుంచో పెట్రోలు వాసన. బాక్స్ వచ్చింది. ఈసారి చదివా. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివా.

అక్కా, నీ బండి తీసుకెళ్లనా?

కింద అవును, కాదు.

"వద్దురా..." అన్నా. కాదు నొక్కా. మళ్లీ నొక్కా. వద్దు నానీ, దానికి బ్రేకుల్లేవు, ఇంత ఎండలో ఎక్కడికి, కూర్చో, అన్నం తిందాం. బాక్స్ పోయాక కూడా నొక్కుతూనే ఉన్నా. ఏడాది నుంచి గొంతులో ఇరుక్కున్న మాట అది.

తెర మామూలుగా అయింది. అప్‌డేట్ దానంతటదే నడిచి సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. కళ్లు తుడుచుకుని వాడి పేరు టైప్ చేశా, ఫొటో పెట్టా, పూజ వేళ వేశా. ప్రింట్ నొక్కబోతుంటే మళ్లీ నల్లబడింది.

అక్కా, బయట చానా ఎండగా ఉంది. లోపలికి రానా?

కింద అవును, కాదు.

చదివా. నాలుగుసార్లు చదివా. మాచర్ల రోడ్డు మీద చూసిన మొహం గుర్తొచ్చింది. ఆ మొహంతోనే వస్తాడా? వస్తే మాత్రం, నా తమ్ముడు కాకుండా పోతాడా? కాదంటే ఇంకెన్నాళ్లు ఆ ఎండలో నిలబడతాడు?

వేలు మౌసు మీదే ఉంది. నేనింకా ఏదీ నొక్కలా.

షట్టరు అవతల, మెట్టు దగ్గర... ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. వంగి చూశా. ఒకే చెప్పుంది.