వానకు ముందు ఆగిపోయే ఏసీ

ఎలీసియో గామెజ్ ఆ పియానోల షాపు తలుపు మొదటిసారి తోసుకుని లోపలికి వెళ్లేసరికి నిలువునా తడిసి ఉన్నాడు. ఎడారి ఊరు టూసాన్‌లో జూలై వాన అంతే. అప్పటిదాకా నిప్పులు చెరిగిన ఆకాశం ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. వ్యాన్ దిగి గుమ్మం చేరేలోపు మనిషి తడిసి ముద్దవుతాడు.

"అక్కడే ఆగండి! ఇంకో అడుగు వెయ్యొద్దు! కింద చెక్క నేల!"

పెద్ద నల్ల పియానో వెనకనుంచి ఒక తల పైకి లేచింది. జుట్టు ముడిలో గుచ్చిన పెన్సిల్, చేతిలో తీగలు బిగించే ఇనుప పిడి. ఆ పిడి పట్టుకున్న తీరు చూస్తే వాయించేది పియానోనో, వచ్చినవాడినో తేల్చుకోలేనట్టుంది.

"ఏసీ మెకానిక్‌నండి. చల్లగాలి రావట్లేదని ఫోన్ చేశారట."

"చేశాను. ఎప్పుడో చేశాను."

"వాన కదండీ, రోడ్డంతా..."

"నేను చేసినప్పుడు వాన లేదు. ఎండే."

ఎలీసియో తల పైకెత్తి చూశాడు. కప్పులోని జాలీలోంచి చల్లగాలి హాయిగా దిగుతోంది. తడిసిన చొక్కా మీద పడి వణుకు పుట్టిస్తోంది కూడా.

"బాగానే వస్తోందే!"

"ఇప్పుడే మొదలైంది. మీ వ్యాన్ మలుపు తిరగ్గానే."

"నన్ను చూసి భయపడిందేమో."

ఆమె అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. చెవి చివరనుంచి కారుతున్న నీళ్లూ, బురద బూట్లూ.

"మిమ్మల్ని చూసి భయపడిన ప్రాణి ఈ భూమ్మీద ఇంకొకటుందా?"

లోపల ఎక్కడో ఒక ముసలాయన పకపకా నవ్వాడు.

ఆ పిల్ల పేరు నోయెమి. నవ్విన ముసలాయన ఆమె మేనమామ ఫౌస్తో ఉరియాస్. పాత పియానోలను విప్పి, బాగుచేసి, మళ్లీ పాడించడం ఆయన పని. వాటికి శ్రుతి పెట్టడం నోయెమి పని. ఎలీసియో ఆ వానలోనే డాబా ఎక్కాడు. అక్కడ పెద్ద ఇనప్పెట్టెలా కూర్చున్న ఏసీని విప్పి, వైర్లు, ఫిల్టర్లు, గ్యాస్ ఒత్తిడి అన్నీ చూశాడు. దేనికీ వంక లేదు. ఫ్యాన్ బుద్ధిమంతుడిలా తిరుగుతోంది.

"ఏమీ లేదండి," అన్నాడు దిగి వచ్చి.

"ఏమీ లేకపోతే ఎందుకాగింది?"

అతను తల గోక్కుంటూ పనిముట్లు సర్దుకున్నాడు.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. ఇటు షాపులో వేడెక్కుతుంది, నోయెమి ఫోన్ చేస్తుంది, అతను ఊరికి ఆ చివరనుంచి బయల్దేరుతాడు, దారిలో వాన అందుకుంటుంది, చేరేసరికి ఏసీ ఏమీ ఎరగనట్టు నడుస్తూ ఉంటుంది. అవి ఇంకా చేతుల్లో ఫోన్లు లేని రోజులు. కంపెనీ ఆఫీసులో లొరీన్ అనే ఆవిడ రేడియోలో పిలిస్తే ఆ మాట ఊళ్లో తిరిగే వ్యాన్లన్నింటికీ వినబడేది.

"ఎలీసియో, నీ పియానో అమ్మాయి పిలుస్తోంది."

"నా అమ్మాయి కాదు లొరీన్."

"నీ ఏసీ పిలుస్తోంది, సరేనా?" అనేది. మిగతా వ్యాన్లలోంచి ఈలలు.

నాలుగోసారి వెళ్లినప్పుడు నోయెమి గొడవ పెట్టుకోలేదు. అలసిపోయి ఉంది. నల్ల పియానో ముందు కూర్చుని ఒకే మెట్టును నొక్కుతోంది.

"పొద్దున శ్రుతి పెట్టాను. మీ ఏసీ ఆగింది, ఉక్క పోసింది, అంతా జారిపోయింది. రండి, వినండి."

"నాకేం తెలుస్తుందండీ?"

"చెవులున్నాయి కదా! ఒక్క మెట్టుకు మూడు తీగలుంటాయి. మూడూ ఒకే మాట అనాలి. ఇప్పుడు వినండి."

ఎలీసియో వంగి చెవి పెట్టాడు. మొదట ఒకే శబ్దం అనిపించింది. తర్వాత ఆ శబ్దంలో నెమ్మదిగా ఊగే అలలాంటిది వినబడింది.

"ఊగుతోంది," అన్నాడు ఆశ్చర్యంగా.

"ఆ!" అంటూ ఆమె పిడి పట్టి తిప్పీ తిప్పనట్టు తిప్పింది. ఊగడం నిదానించింది. ఇంకా నిదానించింది. ఆగిపోయింది. ఒకే ఒక్క స్వరం షాపంతా నిలబడింది.

ఇద్దరూ తల ఎత్తలేదు. ఆమె చెంప మీది సన్నటి చెమట చుక్కను అతను చూశాడు. అతను చూస్తున్నాడని ఆమెకు తెలిసింది. బయట చూరునుంచి నీళ్లు కారుతున్న చప్పుడు.

"కాఫీ తాగుతావా బాబూ, లేక పియానో నేర్చుకుంటావా?" అని ఫౌస్తో వెనకగదిలోంచి కేక పెట్టాడు.

కాఫీ తాగుతుంటే ఆయనే చెప్పాడు. ఆ నల్ల పియానో ఎవరో పారేసింది. రెండేళ్లు కూర్చుని బాగుచేశాడు. కాలేజీవాళ్లు తమ సంగీతశాల కోసం ఒక పియానో చూస్తున్నారు. హాల్వర్సన్ అనే ప్రొఫెసరమ్మ స్వయంగా వచ్చి వాయించి చూస్తుంది. ఆవిడకు నచ్చితే కాలేజీ పియానోల పనంతా ఈ షాపుకే.

"నచ్చకపోతే?"

"నా కళ్లు మసకబారుతున్నాయి బాబూ. ఇంకొకదాన్ని మొదలుపెట్టే ఓపిక లేదు. తలుపేసేస్తాం. నోయెమి ఫీనిక్స్ వెళ్లిపోతుంది. అక్కడెవరో ఉద్యోగమిస్తామన్నారు."

ఎలీసియోకు కాఫీ చేదనిపించింది.

చిక్కంతా ఆ వారంలోనే వచ్చింది. షాపు ఫోన్ నుంచి అతను తన బాస్‌తో మాట్లాడుతున్నాడు. తెగ తిరుగుతున్నావు, కంప్రెసర్ మార్చిపారేసి వచ్చెయ్యమని బాస్ అరుస్తున్నాడు. రోగం తెలియకుండా గుండె మార్చినట్టుంటుందని ఎలీసియో ఒప్పుకోలేదు. "వద్దు సార్. ఇంకో నాలుగైదుసార్లు వచ్చి చూస్తాను. తొందరేముంది?" అన్నాడు.

వెనక్కి తిరిగేసరికి నోయెమి నిలబడి ఉంది.

"తొందరేం లేదా?"

"అది కాదండీ..."

"మా మామయ్య రాత్రంతా నిద్రపోవట్లేదు. మీకు మాత్రం తొందరేం లేదు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. మీరిక్కడికి బాగుచెయ్యడానికి వస్తున్నారా, లేక మళ్లీ రావచ్చని బాగుచెయ్యట్లేదా?"

ఎలీసియో నోరు తెరిచాడు. మళ్లీ రావాలన్న ఆశ మనసులో ఉన్నమాట నిజమే. పనిలో మాత్రం ఇసుమంత దొంగతనం లేదు. ఈ రెంటినీ విడదీసి చెప్పే మాట ఆ నిమిషంలో దొరకలేదు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పియానో షాపుకు ఇంకెవరినైనా పంపమని లొరీన్‌తో రేడియోలో అన్నాడు. ఆ రోజు ఏ వ్యాన్‌లోనూ ఎవరూ ఈల వెయ్యలేదు.

ఇంకో మెకానిక్ వెళ్లాడు. ఏదో స్విచ్ మార్చి వచ్చాడు. మర్నాడు మబ్బు పట్టగానే ఏసీ ఆగింది.

ఆ తర్వాతి ఉదయం ఎలీసియో కంపెనీ ఆవరణలో వ్యాన్‌కు సామాను ఎక్కిస్తుంటే గేటు దగ్గర నోయెమి కనిపించింది. ముడిలో పెన్సిల్ అలాగే ఉంది.

"నేను క్షమాపణ చెప్పడానికి రాలేదు," అంది ముందే.

"సరే."

"ఆ మాట చెబుతాను. తర్వాత. ముందు మిషన్ సంగతి చెప్పాలి. నిన్న ఆగేముందు నేను కిందే ఉన్నాను, చెవి పైనే పెట్టాను. అది ఒక్కసారిగా ఆగదు. ముందు దాని గొంతు దిగుతుంది."

"గొంతు దిగడమంటే?"

"ఎప్పుడూ ఒక శ్రుతిలో మోగుతుంది కదా! ఆగే ముందు ఆ శ్రుతి కాస్త కిందికి జారుతుంది. బరువు మోస్తున్నవాడు మూలిగినట్టు. తర్వాత ఠక్కుమని ఆగుతుంది. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది."

ఎలీసియో చేతిలోని గ్యాస్ సిలిండర్ కింద పెట్టేశాడు. "అంటే లోపల ఒత్తిడి పెరుగుతోంది. అతిగా పెరిగితే కంప్రెసర్ కాలిపోకుండా ఒక స్విచ్ ఆపేస్తుంది. చల్లబడ్డాక దానంతటదే కలుస్తుంది. దానికి ఎక్కడినుంచో వేడి తగులుతోందండీ! ఎప్పుడెప్పుడు ఆగుతోంది?"

"వానకు ముందు. ఎప్పుడూ వానకు ముందే."

"నేనేమో ఎప్పుడూ వానతో వస్తున్నాను. వాన దాన్ని చల్లబరిచేస్తోంది." తల కొట్టుకున్నాడు. "నేను ముందే వచ్చి కూర్చోవాలి."

"రేపు రాగలరా? హాల్వర్సన్ వచ్చేది రేపే."

మర్నాడు ఎలీసియో సెలవు పెట్టాడు. మధ్యాహ్నమయ్యేసరికి డాబా మీద, ఏసీ పక్కన చారెడు నీడలో కూర్చున్నాడు. తారు కాలిపోతోంది. తూర్పున రింకాన్ కొండల మీద మబ్బులు తెల్లగా లేచి, అడుగున నల్లబడుతున్నాయి. కాసేపటికి నిచ్చెన చప్పుడైంది. ఒక చేత్తో నిమ్మరసం సీసా పట్టుకుని నోయెమి పైకొచ్చింది.

"మీరు కింద ఉండాలి కదా?"

"శ్రుతి పెట్టేశాను. ఇంకా ముట్టుకుంటే పాడవుతుంది. మామయ్య నన్ను తరిమేశాడు." పక్కన కూర్చుంది. "ఆ రోజు అన్నమాట..."

"వదిలెయ్యండి."

"వదలను. తప్పుగా అన్నాను."

"పూర్తిగా తప్పేం కాదు," అన్నాడు ఎలీసియో సీసా మూత వైపు చూస్తూ.

ఆమె ఏదో అడగబోయింది. అప్పుడే గాలి తిరిగింది. అప్పటిదాకా పడమటినుంచి వీస్తున్నది ఆగి, కొండల వైపునుంచి ఒక్క ఊపున వచ్చింది. నోయెమి జుట్టు ముడి విడిపోయి ఆమె మొహాన్నీ, అతని మొహాన్నీ కలిపి కప్పేసింది. ఇద్దరూ నవ్వుతూ విడదీసుకుంటుంటే ఆమె చటుక్కున ఆగింది.

"రొట్టెల వాసన!"

"ఏంటి?"

"పక్కనే ఉన్న చాయో పిన్ని షాపు రొట్టెలు. ఇక్కడికి ఇంత గుప్పున ఎప్పుడూ రాదు. ష్, వినండి. గొంతు దిగుతోంది."

ఎలీసియో లేచి ఏసీ వెనక్కి పరిగెత్తాడు. గాలి లోపలికి పీల్చుకునే వైపు చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. పొయ్యి దగ్గర నిలబడ్డట్టుంది. పక్క డాబా మీద, తూర్పు వైపున, తళతళలాడే కొత్త పొగగొట్టం ఒకటి వంగి సరిగ్గా ఇటే చూస్తోంది. చాయో పిన్ని ఈ వేసవిలోనే కొత్త బట్టీ పెట్టించింది. రోజూ ఆ వేడి ఎటో పోతుంది. వాన ముందు గాలి తిరిగిందంటే మొత్తం తెచ్చి ఈ ఏసీ మొహాన కొడుతోంది.

ఠక్. కంప్రెసర్ ఆగింది.

కింద వీధిలో కారు తలుపు పడిన చప్పుడు. నోయెమి గోడ మీదుగా తొంగిచూసింది. "ఆవిడే. వచ్చేసింది."

ఇద్దరూ నిచ్చెన ఎలా దిగారో, రొట్టెల షాపులోకి ఎలా దూరారో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు. చాయో పిన్ని పిండి చేతులతో నిలబడి విన్నది.

"బట్టీ ఆపాలా? సాయంత్రం జనం వస్తారే! మీ నాన్న వస్తాడా రొట్టెలు కాల్చడానికి?"

"పిన్నీ, ఒక్క గంట. మామయ్య పియానో..."

"పియానో కోసమైతే ఆపను." ఎలీసియో వైపు చూసింది, నోయెమి విడిపోయిన జుట్టు వైపు చూసింది. "ఈ పిల్ల కోసమైతే ఆపుతాను. ఏమబ్బాయ్, ఈ పిల్ల కోసమేనా నీ పరుగు?"

ఎలీసియో మొహం ఎర్రబడింది. "ముందు ఆపండి పిన్నీ, తర్వాత చెబుతాను!"

పిన్ని నవ్వుతూనే గ్యాస్ కట్టేసింది.

నోయెమి షాపులోకి వెళ్లింది. అతను డాబా మీదికి పోయి, షాపు వెనక దొరికిన పాత టార్పాలిన్ విప్పి ఆ గొట్టం వైపునుంచి గాలికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. బట్టీలో మిగిలిన వేడి కాసేపు వస్తూనే ఉంది. భుజాలు లాగేస్తున్నాయి. ఎంతసేపటికో కంప్రెసర్ గుర్రుమని మళ్లీ అందుకుంది. ఆ మోత కిందినుంచి, సన్నగా, పియానో వినబడింది. నెమ్మదైన పాట ఏదో. వాన మొదలైంది. అతను దిగలేదు. పాట మధ్యలో దిగాలనిపించలేదు.

పాట ఆగింది. టార్పాలిన్ మీద వాన చప్పుడే మిగిలింది. తర్వాత నిచ్చెన గబగబా కదిలింది. నోయెమి తల పైకి లేచింది, క్షణంలో తడిసిపోయింది.

"తీసుకుంటారట! ఇంకా రెండు బాగుచేసి ఇమ్మంటున్నారు! మామయ్య ఏడుస్తున్నాడు!"

"నోయెమీ!" అని కిందినుంచి ఫౌస్తో కేక. "ప్రొఫెసరమ్మగారు నీతో మాట్లాడతారట!"

ఆమె ఒక్క చూపు చూసి దిగిపోయింది. ఆ చూపు అర్థం ఎలీసియోకు తెలుసు. కానీ తెలుసన్న నమ్మకం రాత్రికల్లా కరిగిపోయింది.

మరుసటి రోజే అతను చాయో పిన్ని గొట్టాన్ని నిటారుగా పైకి లేపి పెట్టాడు. ఇక వేడి ఆకాశానికే. ఆ రోజు నోయెమి కాలేజీకి వెళ్లి ఉంది. తర్వాత మబ్బులు వచ్చాయి, వానలు పడ్డాయి, గాలి ఎన్నిసార్లో తిరిగింది. ఏసీ ఆగలేదు. ఫోన్ రాలేదు. పనిలేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో అతనికి తెలియలేదు. ఆ వీధి మలుపు దగ్గర వ్యాన్ దానంతటదే నెమ్మదించేది, అంతే.

వానలు తగ్గి, ఆకాశం నీలంగా కడిగినట్టున్న ఒక సెప్టెంబర్ పొద్దున రేడియో గరగరలాడింది.

"ఎలీసియో, పియానో షాపు నుంచి కంప్లైంట్."

అతను వ్యాన్‌ను పక్కకు ఆపాడు. "మళ్లీ ఆగిందా?"

"లేదు. చక్కగా నడుస్తోందట."

"మరి కంప్లైంట్ ఏంటి లొరీన్?"

"అదేనట కంప్లైంట్. ఇన్నాళ్లుగా ఒక్కసారి కూడా ఆగట్లేదు, ఏం చేస్తాడో వచ్చి చెయ్యమను అంటోంది. ఉన్నదున్నట్టు చెప్పమంది. చెప్పాను."

ఊళ్లో ఉన్న వ్యాన్లన్నింటిలోంచి ఒకేసారి కేకలు, ఈలలు, హారన్లు. ఎలీసియో మైకు అందుకున్నాడు. ఇంకో చేత్తో వ్యాన్‌ను వెనక్కి మళ్లించాడు.

"బయల్దేరానని చెప్పు," అన్నాడు.

షాపు గుమ్మంలో ఫౌస్తో కుర్చీ వేసుకుని పొద్దుటి ఎండ కాచుకుంటున్నాడు. ఎలీసియోను చూసి లేవకుండానే కాళ్లు పక్కకు జరిపి దారి ఇచ్చాడు.

"లోపలికి పో బాబూ. ఆ పిల్ల ఇన్నాళ్లుగా ఒక్క పియానో కూడా సరిగ్గా శ్రుతి పెట్టడం లేదు. నేను చెబితే వినదు. ఇక నువ్వే చూసుకోవాలి."

నోయెమి ఇదివరకు నల్ల పియానో ఉన్న ఖాళీ చోట నిలబడి ఉంది. చేతిలో పిడి లేదు.

"ఈ గుమ్మంలోంచి మొదటిసారి పొడిగా వచ్చావు," అంది.

ఆ 'వచ్చావు' అతని చెవిలో చాలాసేపు మోగింది.

"నాకింకా తడిసినట్టే ఉంది," అన్నాడు. "పిన్నికి ఒక జవాబు బాకీ ఉన్నాను నోయెమీ. ముందు నీకు చెప్పి ఆవిడకు చెబుతాను."

"ఆవిడకు ఎప్పుడో తెలుసు. నాకు చెప్పు."

గుమ్మంలో ముసలాయన కుర్చీని చప్పుడు కాకుండా బయటికి జరుపుకుని, తలుపు దగ్గరగా వేశాడు.