చెప్పినప్పుడే రెప్ప వేయాలట!

"రెప్ప వేయండి" అంది ఫోను.

హారిక తుమ్మింది.

"నవ్వండి" అంది ఫోను. మళ్ళీ తుమ్మింది.

"నేను బతికే ఉన్నానని మీ యాప్‌కి నమ్మకం కలగట్లేదా ఏంటండీ?" అంటూ కళ్ళు తుడుచుకుంది.

గుంటూరు మిర్చి యార్డులో, ఆ ఘాటులో నిలబడి, చెప్పినప్పుడే రెప్ప వేసి చెప్పినప్పుడే నవ్వడం ఎవరి తరం? ఏసీలో కూర్చుని ఈ చెల్లింపుల యాప్ తయారుచేసిన మహానుభావులకి, ఆమె ముందు ఫోను పట్టుకు నిలబడ్డ ప్రేమ్‌చంద్ ఈ సంగతి ఎప్పుడో మెయిల్‌లో రాశాడు. "గ్రేట్ ఫీడ్‌బ్యాక్!" అని జవాబొచ్చింది. అంతే.

ఆ కంపెనీలో సుఖాలకేం తక్కువ? ఒకటో తారీఖున టంచనుగా జీతం. ఆఫీసులో ఉచితంగా కాఫీ. కొట్టుకొట్టూ తిరిగి యాప్ అంటగట్టే పనికి 'గ్రోత్ ఛాంపియన్' అని పేరు! కాకపోతే ఆ కాఫీ తాగే తీరిక ఉండదు. రోజుకి పాతిక కొట్లు తిరగాలి. ఆదివారం ఇంట్లో అన్నం ముందు కూర్చోగానే మేనేజర్ స్తుతి ఫోన్ చేసి, మనమంతా ఒక ఫ్యామిలీ అంటుంది.

పదకొండోసారికి వెరిఫికేషన్ అయిపోయినట్టు ఫోనులో పచ్చ గుర్తు పడింది. ప్రేమ్‌చంద్ చటుక్కున ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

"కాలేదండీ. రేపు మళ్ళీ వస్తాను."

పచ్చి అబద్ధం. ఏం చేస్తాడు పాపం, తుమ్మి తుమ్మి ఎర్రబడ్డ ఆ ముక్కు నచ్చేసింది!

ఆ తర్వాత తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. హారిక రోజూ బుద్ధిగా ఫోను ముందు కూర్చునేది. కమీషన్ కొట్టు యజమాని, వాళ్ళ నాన్న చెంచురామయ్య, "ఏమయ్యా, మా అమ్మాయి మొహం మీ కంపెనీకి ఆనట్లేదా?" అని అరిచేవాడు.

పదోరోజు స్తుతి ఫోన్ చేసింది.

"మీ ఫోను ఎక్కడెక్కడ తిరిగిందో మ్యాప్‌లో చూశాను. అయిపోయిన వెరిఫికేషన్‌కి తొమ్మిదిసార్లు వెళ్ళారా? ఆ ఖాతా మీద అనుమానం ఉందని రాసివ్వండి, మిమ్మల్ని వదిలేస్తారు. లేదంటే మీ ఉద్యోగం పోతుంది."

అలా రాసిస్తే హారిక పేరున ఉన్న కొట్టు ఖాతా ఆపేస్తారు. నిండు సీజన్లో కొట్టు మూతపడ్డట్టే. ప్రేమ్‌చంద్ ఒక్కటే వాక్యం రాశాడు: "తప్పు నాది, ఆ అమ్మాయి నచ్చి వెళ్ళాను."

కస్టమర్ ఫోనెత్తడానికి మూడు రోజులు తీసుకునే కంపెనీ, అతన్ని పీకేయడానికి పావుగంట కూడా తీసుకోలేదు.

నేరుగా యార్డుకి వెళ్ళాడు.

"మీది మొదటిరోజే అయిపోయిందండీ. నేనే అబద్ధమాడాను. ఉద్యోగం పోయింది, పోనీండి. మిమ్మల్ని చూడకుండా ఉండటం నావల్ల కాదు. తిడితే తిట్టండి."

హారిక తిట్టలేదు. తన ఫోను తీసి చూపించింది. వెరిఫికేషన్ పూర్తయిందని మొదటిరోజు మధ్యాహ్నమే మెసేజ్ వచ్చింది.

"మరి రోజూ ఎందుకు కూర్చున్నారు?"

"రోజుకో చీర కట్టుకొచ్చి కూర్చున్నా. ఎందుకో అర్థంకాని మొద్దు ఆ యాప్ ఒక్కటే అనుకున్నానండీ."



"ఏం గుసగుసలమ్మా అక్కడ?" అని లోపల్నుంచి చెంచురామయ్య కేకేశాడు.

"ఏం లేదు నాన్నా" అని, హారిక గొంతు తగ్గించింది. "రేపు కూడా రండి. ఫోను మాత్రం ఇంట్లో పెట్టి రండి."