చుక్కల పేరున్న గిన్నె

నీళ్ళు ఇంకా మరగలేదు.

దిల్షాద్ గిన్నెలోకి తొంగి చూసింది. అడుగున చిన్న చిన్న బుడగలు పుట్టి, ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి. నీళ్ళ కింద ఎక్కడో చేపపిల్లలు ఊపిరి వదులుతున్నట్టు.

గురువారం సాయంత్రం నాలుగున్నర. బడికి వేసవి సెలవులు. ఖతర్ దేశంలో అల్ వక్రా ఊరిలోని ఆ ఇంట్లో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. కిటికీ బయట ఆకాశం దుమ్ముతో తెల్లగా ఉంది. దూరంగా మెట్రో రైలు గాలిలో తేలుతున్నట్టు వెళ్ళిపోయింది.

దిల్షాద్ వాళ్ళమ్మ ఖదీజా బట్టలు కుట్టే షాపులో పని చేస్తుంది. ఆరున్నరకు వస్తుంది. నాన్న నాగూర్ డ్రైవర్. ఆయన డ్యూటీ దిగేసరికి ఇంకా ఆలస్యం అవుతుంది. ఈ రోజు వంట నేనే చేస్తానని పొద్దున దిల్షాద్ అడిగింది. అమ్మ నవ్వింది.

"పదకొండేండ్లు వచ్చినాయి కదా, చెయ్ పో. శోభ ఇంట్లోనే ఉంటాది. మంట చిన్నగా పెట్టుకో. కిటికీ చూసుకుంటా నిలబడొద్దు మే. నీకు అదొక జబ్బు."

ఆ ఇంట్లో రెండు కుటుంబాలు ఉంటాయి. దిల్షాద్ వాళ్ళది కడప జిల్లా. శోభత్త వాళ్ళది జగిత్యాల దగ్గర పల్లె. గదులు వేరు, వంటిల్లు ఒకటే. కుడివైపు అర దిల్షాద్ వాళ్ళది, ఎడమవైపు అర శోభత్త వాళ్ళది. స్టవ్ మీద రెండు పొయ్యిలు వీళ్ళకు, రెండు వాళ్ళకు. గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు వీళ్ళది, గులాబీరంగు పీచు వాళ్ళది.

దిల్షాద్ వాళ్ళు బీఫ్ తింటారు. శోభత్త వాళ్ళు ముట్టరు. అందుకే గిన్నెలు, గరిటెలు అన్నీ ఎవరివి వాళ్ళవి. ఆ మాట ఎవరూ గోడ మీద రాసి పెట్టలేదు. మూడేళ్ళుగా అలాగే నడుస్తోంది.

నీళ్ళు మరిగాయి. దిల్షాద్ ఉప్పు వేసి, మాకరోనీ పోసింది. అవి గవ్వల్లాంటి మాకరోనీ. నీళ్ళలో గుండ్రంగా తిరిగాయి. రేవులో పడవల పక్కన ఇసుకలో ఏరిన గవ్వలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది ఆమెకు.

ఇంకో పొయ్యి మీద చిన్న మూకుడు పెట్టింది. నూనె, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి. ఫ్రిజ్‌లోంచి బీఫ్ కీమా ప్యాకెట్ తీసి వేసింది. ఎర్రటి కీమా గరిటె కింద పొడిపొడిగా విడిపోయి, నెమ్మదిగా గోధుమరంగుకు మారింది. కారం, రెండు టమాటాలు, చిన్న డబ్బాలోని టమాటా పేస్ట్.

ఆవిరి పైకి లేచి కిటికీ అద్దాన్ని కప్పేసింది. దిల్షాద్ వేలితో అద్దం మీద పడవ గీసింది. పడవకు తెరచాప గీసింది. తెరచాపలోంచి బయటి వెలుగు లోపలికి వచ్చింది. ఆ పడవలో తను కూర్చుంది. అలలు కూడా గోధుమరంగులో ఉన్నాయి...

చుర్రుమంది. కీమా అడుగంటబోతోంది!

గబగబా మాకరోనీ నీళ్ళు వంపింది. మూకుడులో కలపడానికి చోటు లేదు. కీమా అంతా పెద్ద గిన్నెలోకే వంచి, రెండు నిమిషాలు మగ్గనిచ్చి, స్టవ్ ఆపింది. ఒక గవ్వ నోట్లో వేసుకుంది. కొంచెం కారం ఎక్కువ. కానీ బాగుంది. నిజంగానే బాగుంది!

గిన్నె బయట టమాటా రసం కారి ఉంది. గుడ్డ తీసుకుని తుడవబోయింది. అంచు కింద వేళ్ళకు ఏదో గరుకుగా తగిలింది.

చుక్కలు. వరుసగా చుక్కలు. చుక్కలన్నీ కలిసి అక్షరాలయ్యాయి.

గౌరవ్వ.

దిల్షాద్ చెయ్యి వెనక్కి లాక్కుంది.

గౌరవ్వ అంటే శోభత్త వాళ్ళమ్మ. ఊళ్ళో ఉంటుంది. ఆవిడ పెళ్ళికి వచ్చిన గిన్నె అది. పేర్లు కొట్టే అతను ఉలి పెట్టి చుక్క చుక్కగా కొట్టిన పేరు. దాన్ని శోభత్త చీరల మధ్య చుట్టి విమానంలో తెచ్చుకుంది.

దిల్షాద్ కుడి అర వైపు చూసింది. వాళ్ళ పెద్ద గిన్నె అక్కడే ఉంది. మరి ఇది? సింకు పక్కన బండ మీద బోర్లించి ఉంటే తీసుకుంది. తీసుకునేటప్పుడు చూడనే లేదు. అప్పుడు మెట్రో రైలును చూస్తూ ఉంది.

పాస్తా అంతా తమ గిన్నెలోకి మార్చింది. గౌరవ్వ గిన్నెను ఆకుపచ్చ పీచుతో తోమింది. వాసన చూసింది. మళ్ళీ తోమింది. మూడోసారి కూడా తోమి, తుడిచి, ఎక్కడ ఉందో అక్కడే బోర్లించింది. గిన్నె తళతళలాడింది. ఏమీ జరగనట్టే ఉంది.

అప్పుడే శోభత్త కూతురు మమత వచ్చింది. దిల్షాద్ కన్నా ఏడాది చిన్నది.

"ఏం వాసనే దిల్షూ! గదిదాకా వచ్చింది. నువ్వే వండినవా?"

"ఊఁ."

"అబ్బో, పెద్ద మేడం!" మమత బండ మీదికి ఎగిరి కూర్చుంది. "రేపు మా అమ్మ వంట సూడు నువ్వు. పోచమ్మకు బోనం వండుతది. పాలు, బెల్లం, బియ్యం. ఊర్లయితే ఆదివారం చేస్తరు. ఈడ సెలవు శుక్రవారం గద, మనకు శుక్రవారమే ఆదివారం అంటది అమ్మ."

"దేంట్లో వండుతాది?"

"గీ అమ్మమ్మ గంజులనే." మమత బోర్లించిన గిన్నె మీద దరువు వేసింది. "పొద్దుగాలనే తోమి పెట్టింది. ఎవ్వరు ముట్టద్దన్నది."

దిల్షాద్ కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దం మీద పడవ కరిగిపోయి, నీటి చారలు కిందికి కారుతున్నాయి.

చెప్తే ఏమవుతుంది? శోభత్త అరుస్తుందేమో. అమ్మతో మాట్లాడటం మానేస్తుందేమో. ఇల్లు మారిపోతారేమో. మమత ఇంకెప్పుడూ ఈ బండ మీద కూర్చోదేమో.

చెప్పకపోతే ఏమీ కాదు. ఎవరూ చూడలేదు. గిన్నె తళతళలాడుతోంది.

ఆరున్నరకు ఖదీజా వచ్చింది. ముఖం చెమటతో తడిసి ఉంది. కాళ్ళు కడుక్కుని, వంటింట్లోనే చిన్న బల్ల ముందు కూర్చుంది. దిల్షాద్ ప్లేటు పెట్టింది. అమ్మ ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుంది.

"ఇది నువ్వే చేసినావా? ఒట్టు?"

"ఒట్టు."

"మీ నాయనకు కూడా ఇట్ల కుదరదు. రా, పక్కన కూర్చో. పొద్దుటి నుంచి మిషన్ తొక్కి తొక్కి కాళ్ళు లాగేస్తాన్నాయి. ఇంటికొస్తే వేడివేడిగా కూతురు వండి పెట్టింది!"

అమ్మ ముఖం అలా వెలగడం చూసి చాలా రోజులైంది. ఈ వెలుగు ఇలాగే ఉంటే బాగుండు అనుకుంది దిల్షాద్. తన ప్లేటులో మాకరోనీ చల్లారిపోతున్నా ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోలేదు.

శోభత్త లోపలికి వచ్చింది. ఆమె చేతిలో బియ్యం సంచి ఉంది.

"తిను అక్కా, తిను. నేను గిన్ని బియ్యం కడిగి నానబెట్టిపోత. పొద్దుగాల తొందరైతది."

ఆమె గౌరవ్వ గిన్నెను తీసి, కొంగుతో తుడిచింది. సంచి మూతి విప్పింది.

"అత్తా, వద్దు!"

దిల్షాద్ అరిచినంత పని చేసింది. శోభత్త చెయ్యి ఆగిపోయింది.

"దాంట్లో పొయ్యొద్దు అత్తా. నేను... నేను చూడకుండా దాంట్లోనే పాస్తా చేసినాను."

శోభత్త గిన్నెలోకి చూసింది.

"పాస్తానా?" అంది శోభత్త. "ఉత్తదా?"

"కీమా వేసి."

"ఏం కీమా? పెద్దకూరనా?"

దిల్షాద్ తల ఊపింది.

ఖదీజా చప్పున లేచింది. "ఎంత పని చేసినావు మే! కండ్లు యాడ పెట్టుకున్నావు?" చెయ్యి ఎత్తింది.

"కొట్టకు అక్కా," అంది శోభత్త. ఆ మాట మెల్లగా అంది. గిన్నెను బల్ల మీద పెట్టింది. బియ్యం సంచి మూతి మళ్ళీ ముడి వేసుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అరిచి ఉంటే బాగుండేది అనిపించింది దిల్షాద్‌కు.

తలుపు అవతల ఫోను మోగింది. స్పీకర్లో ఒక ముసలి గొంతు, పెద్దగా. ఇక్కడిదాకా వినిపించింది.

"ఎందుకేడుస్తున్నవే? దుబాయ్ల ఏమైంది?"

"దుబాయ్ గాదవ్వా, ఖతర్!"

"ఏదైతేంది, ఎడారిల ఉష్కె ఉష్కెనే. ఏమైందో చెప్పు."

తర్వాత మాటలు చిన్నగా అయిపోయాయి. ఖదీజా ప్లేటు వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ కూర్చుంది. దిల్షాద్ ఆమె పక్కనే నిలబడింది.

తలుపు తెరుచుకుంది. శోభత్త ఫోను పట్టుకుని వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఫోను తెర నిండా ఒక ముడతల ముఖం, ఒక పెద్ద ముక్కుపుడక.

"ఇదేనా ఆ పొల్ల?" అంది గౌరవ్వ. "ఏమే, కడిగినవా దాన్ని?"

"మూడుసార్లు కడిగినాను అవ్వా."

"నువ్వు వండుడు ఎవలన్న చూసిండ్రా?"

"లేదు."

"మరి నోర్మూసుకోక ఎందుకు చెప్పినవ్?"

దిల్షాద్ ఆలోచించింది. "శోభత్తకు తెలీదు కదా. తెలీకుండానే దేవతకు పెడ్తాది. నాకేమో తెలుసు. రేపు ఆ బెల్లన్నం నాకూ పెడ్తాది. నేనెట్ల తినేది?"

తెరలో ముఖం కాసేపు కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అనుకుంది దిల్షాద్. కాదు, గౌరవ్వ చూస్తోంది.

"శోభా, ఇను," అంది చివరికి. "చింతపండు, పసుపు పెట్టి తోమిపియ్యి. పొయ్యి మీద పెట్టి బాగ కాల్చు. గంతే."

"నా మనసుకు పడ్తలేదవ్వా. రేపు దాంట్ల బోనం ఎట్ల వండుదు?"

"పడకుంటే వండకు. పోచమ్మకు కొత్తది పెట్టు. నా గంజుల మీరు పప్పు వండుకోరి. గంజు నాది, నేనే చెప్తున్న."

ఖదీజా లేచి గదిలోకి వెళ్ళింది. మంచం కింది పెద్ద పెట్టె లాగిన చప్పుడైంది. వచ్చే సెలవులకు ఊరికి తీసుకెళ్ళాలని ఒక్కొక్కటిగా కొని దాచిన సామాన్లు ఉంటాయి అందులో. సబ్బులు, సెంటు సీసాలు, దుప్పటి. ఆమె ఒక కొత్త స్టీలు గిన్నెతో వచ్చింది. దాని మీద స్టిక్కర్ కూడా ఊడలేదు.

"మా అక్కకని కొన్నా. ఇంతవరకు నీళ్ళు కూడా తగల్లేదు. తీసుకో శోభా."

"మీ అక్కకు?"

"ఇంకోటి కొంటాలే. నువ్వు తీసుకుంటేనే నాకు ఆ ముద్ద దిగేది."

శోభత్త రెండు చేతులా అందుకుంది. తర్వాత దిల్షాద్ వైపు తిరిగింది.

"నాకు కోపం లేదని అన్లేను బిడ్డా. ఉన్నది. పొద్దుగాల వరకు తగ్గుతది." సింకు దగ్గరికి వెళ్ళి, గులాబీరంగు పీచు తీసి ఆమె చేతిలో పెట్టింది. "మా పీచుతోని తోము. అంచు కింద సుత తోము. చుక్కల సందుల మసి ఉంటది."

దిల్షాద్ చింతపండు, పసుపు కలిపి తోమింది. గౌ దగ్గర మొదలుపెట్టి వ్వ దాకా, ఒక్క చుక్క కూడా వదలకుండా. ఆ పక్కనే నిలబడి మమత నీళ్ళు పోసింది.

శుక్రవారం పొద్దున బెల్లన్నం వచ్చింది. మమతే తెచ్చింది. శోభత్త గుమ్మం దగ్గర నిలబడి, "వేడిగున్నది, ఊదుకుంట తిను," అని మాత్రం అంది.

మళ్ళీ గురువారం వచ్చింది.

దిల్షాద్ కుడి అరలోంచి గిన్నె తీసింది. అంచు కింద వేలితో తడిమింది. నున్నగా ఉంది. బండ మీద ఉన్న శోభత్త పాలగిన్నెను పట్టుకెళ్ళి వాళ్ళ అరలో పెట్టమని మమతకు ఇచ్చింది. ఆ తర్వాతే స్టవ్ వెలిగించింది.

కీమా వేగుతుంటే మమత ముక్కు ఎగబీల్చింది. తలుపు వైపు ఒకసారి చూసి, దగ్గరికి జరిగింది.

"దిల్షూ, ఒక్క చెంచ పెట్టవే. రుచి సూస్త."

"దేంట్లోది?"

"గా కీమాలది. అమ్మ పండుకున్నది. ఎవలు చూస్తరు?"

దిల్షాద్ గరిటెను తన వైపుకు లాక్కుంది.

"మీ అమ్మను అడిగి రా."

"అడిగితే వద్దంటది గద!"

"అయితే నేనూ పెట్టను."

"ఏందే నువ్వు! ఒక్క చెంచకు!" మమత మూతి ముడుచుకుని గోడ వైపు తిరిగింది. దిల్షాద్ కాసేపు కీమా కలిపింది. మంట తగ్గించింది. ఒక చేత్తో మాకరోనీ ప్యాకెట్ ఊపి చూసింది. గలగలమంది.

"ఇంకా సగం ఉంది మమతా. ఉత్త టమాటా వేసి నీకు చేద్దాం. మీ పొయ్యి మీదనే."

మమత వెంటనే ఇటు తిరిగింది. ఎడమ అర దగ్గరికి పరిగెత్తి, ఒక గిన్నె మీద చెయ్యి వేసింది.

"గిది తీయనా?"

"నన్నడుగుతావేంది?" అంది దిల్షాద్. "అత్తను లేపు పో. ఏది తియ్యాలో ఆమె చెప్తాది."